కుంటుతున్న కుర్రాణ్ణి ఆడించకండి

(రాయగడలో సంక్రాంతి ఫుట్‌బాల్ పోటీల ముందురోజు సాయంత్రం, ఆటగాళ్లూ అభిమానులూ కలుసుకున్న సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ, గుణుపురం నుంచీ, పర్లాకిమిడి నుంచీ, జయపురం నుంచీ, అటు పార్వతీపురం నుంచీ వచ్చిన జట్లకూ, జట్ల వెంట బళ్లెక్కి వచ్చిన అభిమానులకూ, కొండ మీది ఊళ్ల నుంచి నడిచొచ్చిన కుర్రాళ్లకూ, వాళ్లకి అన్నం పెట్టి పంపిన తల్లులకూ నమస్కారం. తెలుగువాళ్లున్నారు, ఒడియావాళ్లున్నారు, కువీ మాట్లాడేవాళ్లున్నారు. మైదానంలో అందరిదీ ఒకటే భాష కాబట్టి నా తెలుగు మీకు అర్థమవుతుందనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. పేరుపేరునా చెప్పాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. చలిలో కూర్చున్నారు, మన్నించండి, విషయంలోకి వెళ్లిపోతాను.

నన్ను నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కో వాన్ బాస్టెన్ గురించి చెప్పమన్నారు. గోల్స్ గురించి చెప్పండి, కుర్రాళ్లకి హుషారొస్తుంది అన్నారు. చెబుతాను. కానీ ఆ గోల్స్ కొట్టిన కాలు ఏమైందో కూడా చెబుతాను. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకుంటే సగం మనిషినే తలుచుకున్నట్టు.

1988 జూన్ 25. జర్మనీలో మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం. యూరో కప్పు ఫైనల్. ఒకవైపు నెదర్లాండ్స్, ఇంకోవైపు సోవియట్ యూనియన్. పదమూడు రోజుల ముందు గ్రూపు మ్యాచ్‌లో ఇదే సోవియట్ జట్టు ఇదే నెదర్లాండ్స్‌ని 1-0తో ఓడించింది. ఆ రోజు వాన్ బాస్టెన్ మొదటి పదకొండుమందిలో లేడు, బెంచీ మీద కూర్చున్నాడు. వీపు మీద నంబరు పన్నెండు. సెంటర్ ఫార్వర్డ్ తొడుక్కునే తొమ్మిదో నంబరు ఇంకొకరికి ఇచ్చారు. అక్కణ్ణుంచి ఇంగ్లండ్ మీద హ్యాట్రిక్, సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఆట ముగియబోతుండగా గెలుపు గోల్, అలా ఫైనల్ దాకా వచ్చాడు.

ఫైనల్లో మొదటి గోల్ రూడ్ గులిట్ తలతో కొట్టాడు. రెండో సగం మొదలై తొమ్మిది నిమిషాలైంది. వాన్ టిగ్గెలెన్ మధ్యలో బంతి లాక్కుని ఎడమవైపున్న ఆర్నల్డ్ మ్యూరెన్‌కి ఇచ్చాడు. మ్యూరెన్‌కి అప్పటికి 37 ఏళ్లు. ఆపలేదు, చూసుకోలేదు, ఎడమకాలితో ఎత్తుగా అవతలి కొసకి లేపేశాడు. మంచి క్రాస్ అనలేం. మరీ పైకి లేచింది, మరీ దూరం పోయింది. డిఫెండర్లందరి నెత్తిమీదుగా దాటి, పెనాల్టీ బాక్స్ కుడి అంచున, గోల్ గీతకి దగ్గరగా దిగుతోంది. అక్కణ్ణుంచి చూస్తే గోల్ ఒక సందులా కనబడుతుంది. రెండు గోల్‌పోస్టుల మధ్య ఖాళీయే ఉండదు. అక్కడ ఎవరైనా ఏం చేస్తారు? బంతిని గుండెతో ఆపుతారు, వెనక్కి తిరుగుతారు, తోటివాడికి ఇస్తారు. అదే సరైన పని కూడా.

వాన్ బాస్టెన్ ఆపలేదు. నేల తాకకముందే కుడికాలితో కొట్టాడు. కొట్టేటప్పుడు ఆయన ఒళ్లు చూడండి, ఇప్పుడు ఫోన్లలో దొరుకుతుంది, ఆపి ఆపి చూడండి. ఎడమకాలు నేలమీద, మొండెం కొంచెం పక్కకి ఒరిగింది, చూపు బంతి మీదే. కుడిపాదం వేళ్లు కిందికి చాచి, చీలమండ బిగించాడు. బంతి పైకి లేచి రినాత్ దసాయెవ్ చేతుల మీదుగా వెళ్లి అవతలి పోస్టు లోపల వలలోకి దిగింది. దసాయెవ్ అంటే ఆ రోజుల్లో ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్లలో ఒకడు. బెంచీ దగ్గర కోచ్ రీనస్ మిఖెల్స్ ముఖం మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత వాన్ బాస్టెన్‌ని అడిగితే, అలిసిపోయి ఉన్నాను, బంతి ఆపి ఇంతమంది డిఫెండర్లతో తలపడేకంటే కొట్టేయడమే తేలికనిపించింది అన్న అర్థంలో చెప్పాడు.

చీలమండ బిగించాడు అన్నాను. ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాను.

గాలిలో ఉన్న బంతిని కొట్టేటప్పుడు చీలమండ వదులుగా ఉంటే పాదం బంతి దెబ్బకి వెనక్కి మడిచిపోతుంది, బలమంతా అక్కడే పోతుంది, బంతి ఆకాశానికి పోతుంది. అంత దూరం నుంచి, అంత కోణంలో, అంత గట్టిగా పోవాలంటే చీలమండ రాయిలా నిలబడాలి. ఆ గోల్‌కి ఏడు నెలల ముందు, 1987 నవంబరులో ఆయన చీలమండకి ఆపరేషన్ జరిగింది. ఇటలీ క్లబ్బు మిలాన్‌లో మొదటి సీజన్ అది. లీగ్‌లో 11 మ్యాచ్‌లే ఆడి 3 గోల్స్ కొట్టాడు. అలా కోలుకుంటూ వచ్చి యూరో కప్పులో 5 గోల్స్ కొట్టి కప్పు తెచ్చాడు. అందరం ఆ 5 గోల్సే గుర్తుపెట్టుకున్నాం. ఆ ఆపరేషన్ ఎందుకొచ్చిందో ఎవరం అడగం.

కథ అంతకు ముందే మొదలైంది. నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్‌లో ఉండగా 1985-86 సీజన్లో 26 లీగ్ మ్యాచ్‌ల్లో 37 గోల్స్ కొట్టాడు, యూరప్ మొత్తానికీ ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే బంగారు బూటు అందుకున్నాడు. మరుసటి సీజన్లో, 1986 డిసెంబరులో, గ్రోనింగెన్ జట్టుతో మ్యాచ్‌లో ఒక ట్యాకిల్ దగ్గర చీలమండ దెబ్బతింది. జట్టు యూరప్ కప్ విన్నర్స్ కప్పు వేటలో ఉంది. పూర్తిగా మానకుండానే ఆడుతూ వచ్చాడు. 1987 మే 13న ఏథెన్స్‌లో ఫైనల్, లైప్‌జిగ్ మీద ఒకే ఒక్క గోల్, అదీ ఆయనదే. కప్పొచ్చింది. చీలమండకి మాత్రం అది తీరని అప్పుగా మిగిలింది.

ఇప్పుడు అందరూ ఒక పని చెయ్యండి. వేదిక మీది పెద్దలు కూడా. కుడి బూటు, చెప్పు ఏదైనా విప్పండి. చీలమండ బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక ఉంది కదా, దాని కింద, కొంచెం ముందుకి, వేలు పెట్టండి. మెత్తటి గుంట తగులుతుంది. అక్కడే ఉంది మీ ఆట అంతా. పైన కాలి ఎముకలు రెండు కిందికి దిగి ఒక గూడు కడతాయి, ఆ గూట్లో పాదం పై ఎముక కూర్చుంటుంది. అది పక్కకి పోకుండా బయటివైపు మూడు లిగమెంట్లు పట్టుకుంటాయి. ముందుది ఒకటి, మధ్యది ఒకటి, వెనకది ఒకటి. కాలు లోపలికి మడతపడినప్పుడు ముందుగా తెగేది ఆ ముందుదే, ఇప్పుడు మీ వేలు ఉన్నచోట ఉన్నదే. ఇంకా గట్టిగా మడతపడితే రెండోది. మూడోది తెగిందంటే కీలు పూర్తిగా తప్పినంత దెబ్బ అన్నమాట. లోపలివైపు లిగమెంటు మందంగా ఉంటుంది, అంత తొందరగా తెగదు. అందుకే పదిసార్లు కాలు తిరిగితే తొమ్మిదిసార్లు లోపలికే తిరుగుతుంది, వాపు బయటివైపే వస్తుంది.

లిగమెంటు సాగిపోతే నులకమంచం తాడు సాగినట్టే. మంచం విరగలేదు, కూర్చుంటే మాత్రం కుంగుతుంది. బిగించకుండా దానిమీదే పడుకుంటూ పోతే ఇంకా కుంగుతుంది. ఎక్స్‌రేలో తాళ్లు కనబడవు, మంచం కోళ్లే కనబడతాయి. ఎముక విరగలేదని రాసిస్తే చాలు, మనవాళ్లు కాగితం ఊపుకుంటూ వచ్చి ‘ఏం కాలేదు, ఆడొచ్చు’ అంటారు. ఏం కాకపోవడమేమిటి, అసలు అయింది అక్కడే.

కీలు వదులైతే ఏమవుతుంది? పరిగెత్తేటప్పుడు, తిరిగేటప్పుడు లోపలి ఎముక గూట్లో కొంచెం కొంచెం జారుతుంది. జారిన ప్రతిసారీ ఎముకల మీదున్న గుజ్జు రాసుకుంటుంది. గుజ్జులోకి రక్తనాళాలు రావు. అందుకని చర్మం మానినట్టు, ఎముక అతికినట్టు అది మానదు. అరిగింది అరిగినట్టే. కొంతకాలానికి కీలు ముందువైపు ఎముక పొక్కులు కడుతుంది, పాదం పైకి లేపితే అవి గుచ్చుకుంటాయి. మెట్లు దిగలేడు, కిందికి గొంతుక్కూర్చోలేడు. అప్పుడు లోపల శుభ్రం చేస్తామని ఆపరేషన్, ఆ తర్వాత ఇంకో ఆపరేషన్. ఒక్క తన్నుతో పోయిన చీలమండలు తక్కువ. వాచింది తగ్గకముందే మళ్లీ మడతపెట్టుకున్నవే ఎక్కువ.

ఇప్పుడు నా మనసులో ఉన్న మాట చెబుతాను. ఎవరికైనా కష్టమనిపిస్తే క్షమించండి. మన వైపు పోటీలు ఎలా జరుగుతున్నాయో మీకు తెలుసు. కోతలయ్యాక వరి దుబ్బుల మీద గీతలు గీస్తాం. మధ్యలో గట్టు ఉంటే పారతో చెక్కేసి, ‘సమానమైపోయింది’ అనుకుంటాం. ఒక జట్టు పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒక మ్యాచ్ ఆడుతుంది. సెమీఫైనల్లో కుర్రాడి కాలు తిరుగుతుంది. జనం ‘లేవరా, లేవరా’ అని అరుస్తారు. ఎవరో వచ్చి కాలు పట్టుకుని లాగి తిప్పుతారు. స్ప్రే కొడతారు. సాయంత్రం ఫైనల్, మేకపోతు కట్టి ఉంది, నగదు బహుమతి ఉంది. ఇంకెవరో ఒక సూది తెస్తారు. నొప్పి తెలియకుండా కుర్రాడు ఆడతాడు. చప్పట్లు కొడతాం. వీరుడంటాం. వచ్చే ఏడాది వాడు పోటీలకి రాడు, ‘ఏమయ్యాడ్రా?’ అంటే ‘కాలు పోయింది’ అంటారు. ఎక్కడని నేను చెప్పను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది కళ్లారా చూసిందే.

ఆ సూదిలో ఏముంటుందో తెలుసుకోండి. ఒకటి తిమ్మిరెక్కించే మందు. నొప్పి అనేది కాలు ‘ఇంక చాలు’ అని చెప్పే మాట, ఆ మాట నోరు నొక్కేస్తుంది, కాలు మాత్రం తెగుతూనే ఉంటుంది. రెండోది స్టెరాయిడ్. వాపు తగ్గిస్తుంది, లిగమెంటు మీద, కండరాన్ని ఎముకకి కట్టే తాడు మీద పడితే దాన్ని బలహీనం కూడా చేస్తుంది. ఎముకల డాక్టరు చూసి, లెక్కచూసుకుని, విశ్రాంతి చెప్పి ఇచ్చే పని అది. గ్రౌండ్ పక్కన, మ్యాచ్‌కి పది నిమిషాల ముందు చేసే పని కాదు. స్ప్రే సంగతి చెప్పనక్కర్లేదు, చర్మం చల్లబడుతుంది, అంతే.

మరి ఏం చెయ్యాలి? రాసుకునేవాళ్లు రాసుకోండి.

కాలు తిరిగి పడిపోయిన కుర్రాణ్ణి వెంటనే లేపకండి. బూటు లేసులు వదులు చెయ్యండి. అడగండి: ‘టక్’మని శబ్దం వినిపించిందా? నొప్పి ఎక్కడ? తర్వాత నాలుగుచోట్ల నొక్కి చూడండి. బయటి చీలమండ ఎముక వెనక అంచు, కింది కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర, అంటే మూడు వేళ్ల వెడల్పు పైచిలుకు. లోపలి చీలమండ ఎముక వెనక అంచు, అదే కొలత. పాదం బయటి అంచులో, చిటికెనవేలి నుంచి వెనక్కి వస్తే మధ్యలో పొడుచుకొచ్చే ఎముక. పాదం లోపలివైపు, చీలమండకి ముందున్న గుబ్బ. ఎముక మీదే నొప్పి అంటే, లేదా నాలుగడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా నాలుగడుగులు వేసినట్టే లెక్క. ఇది కెనడాలో ఒట్టావా డాక్టర్లు తయారుచేసిన పద్ధతి, ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక్క జాగ్రత్త: పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల్లో ఎముక పెరిగే చోటు ఇంకా గట్టిపడదు, పెద్దవాళ్లకి లిగమెంటు తెగే దెబ్బకి వాళ్లకి ఆ చోటు దెబ్బతినొచ్చు. పిల్లలైతే ఎముక మీద నొప్పంటే సందేహిస్తూ కూర్చోవద్దు, తీసుకెళ్లండి. పాదం పక్కకి తిరిగిపోయినా, వేళ్లు తెల్లబడి చల్లబడినా ఎక్కడున్నది అక్కడే కట్టె కట్టి, కదపకుండా ఆసుపత్రికి.

విరగలేదనుకుంటే ఐసు. తిన్నగా చర్మం మీద పెట్టకండి, కాలుతుంది. తడిగుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు. మళ్లీ రెండు మూడు గంటలకొకసారి. ఆ తర్వాత పది సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ. వేళ్ల మొదట్లో మొదలుపెట్టి, మడమ కప్పి, పిక్క కింద దాకా, ప్రతి చుట్టూ ముందు చుట్టు సగం మీదికి రావాలి. వేళ్లవైపు కొంచెం బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. చాలామంది తిరగేసి చేస్తారు, పైన బిగించి కింద వదిలేస్తారు, దాంతో వాపు పాదంలోకి దిగి తెల్లారేసరికి పాదం బూరెలా అవుతుంది. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే విప్పి మళ్లీ కట్టండి. పడుకోబెట్టి కాలు గుండెకంటే ఎత్తులో, రెండు దిండ్లు.

చెయ్యకూడనివి వినండి, ఎందుకంటే మనవాళ్లు ముందు చేసేవి ఇవే. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం వద్దు. నూనె రాసి తోమడం వద్దు. సారా వద్దు, పైన రాయడానికీ వద్దు, లోపలికీ వద్దు. లోపల తెగిన నాళాల్లోంచి రక్తం కారుతుంటే వేడి చేసి, తోమి, ఇంకా కారేలా చేస్తున్నాం. పసుపూ సున్నం పట్టు వేస్తే నాకేం గొడవ లేదు, అమ్మల తృప్తి. దాని కింద ఎముక విరిగి ఉందేమో చూడకుండా మాత్రం పట్టు వేసి పడుకోబెట్టకండి. లాగి తిప్పి కట్టు కట్టేవాళ్ల దగ్గరికి ఎక్స్‌రే లేకుండా పంపకండి.

మళ్లీ వాన్ బాస్టెన్ దగ్గరికి వస్తాను. ఎందుకంటే ఆయన దగ్గర ఐసు లేక కాదు, డాక్టర్లు లేక కాదు. యూరప్‌లో ఉన్న మంచి డాక్టర్లందరూ ఆయన కాలు చూశారు. అయినా ఏమైంది?

1989 యూరోపియన్ కప్పు ఫైనల్లో స్టెయావా బుకారెస్ట్ జట్టు మీద 4-0, రెండు ఆయనవి, రెండు గులిట్‌వి. మరుసటి ఏడు మళ్లీ కప్పు. 1991-92లో మిలాన్ లీగ్ మొత్తం ఒక్క మ్యాచ్ ఓడలేదు, 25 గోల్స్‌తో లీగ్‌లో ఆయనే అందరికంటే ముందు. 1992 నవంబరు 25న గోథెన్‌బర్గ్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు గోల్స్. ఛాంపియన్స్ లీగ్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు కొట్టిన మొదటివాడు ఆయనే. అందులో ఒకటి వెనక్కి పడిపోతూ గాల్లో కొట్టింది. యూరప్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ 1988, 1989 తర్వాత మూడోసారి వచ్చింది. వయసు 28. అదే డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో చీలమండ కోయించుకున్నాడు.

వసంతానికి తిరిగొచ్చాడు. తొందరగా వచ్చాడు. 1993 మే 26న మళ్లీ అదే మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో ఫైనల్, మార్సేయ్ మీద. 1-0తో ఓడారు. ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఆయన్ని బయటికి పిలిచారు. అదే ఆఖరి మ్యాచ్. ఐదేళ్ల ముందు ఆ గోల్ కొట్టిన గడ్డి అదే. ఆ తర్వాత ఇంకో ఆపరేషన్, కాలి చుట్టూ ఇనప చట్రం బిగించి కీలుని లాగి ఉంచే చికిత్స, రెండేళ్ల ఎదురుచూపు. రాత్రి లేచి బాత్‌రూమ్‌కి పాకుతూ వెళ్లిన రోజులున్నాయని ఆయనే రాసుకున్నాడు. ప్రపంచంలో అందరికంటే అందంగా కదిలిన మనిషి! 1995 ఆగస్టులో ఇక ఆడలేనని చెప్పాడు. అప్పటికి 30 ఏళ్లు నిండి దాదాపు పది నెలలు. సాన్ సిరో మైదానంలో మామూలు బట్టల్లో ఒక చుట్టు తిరిగి చెయ్యి ఊపాడు. కోచ్ ఫాబియో కపెల్లో ఏడ్చాడు. చివరికి నొప్పి భరించలేక కీలుని కదలకుండా ఎముకలు కలిపి అతికించేశారు.

లీగ్‌ల్లో 280 మ్యాచ్‌లు, 218 గోల్స్. అక్కడ ఆగిపోయింది.

ఆ డాక్టర్ల మీదో, ఆ క్లబ్బు మీదో నేను తీర్పు చెప్పను. నాకు కనబడేది ఒకటే. ప్రతిసారీ ఒక పెద్ద మ్యాచ్ ఎదురుగా ఉంది. ప్రతిసారీ కాలు పూర్తిగా బాగవకముందే ఆ మ్యాచ్ వచ్చింది.

కాలు బాగైందని ఎప్పుడు అనుకోవాలి? వాపు తగ్గినప్పుడు కాదు. చిన్న బెణుకైతే వారం, రెండు వారాలు. లిగమెంటు సగం తెగితే మూడు నుంచి ఆరు వారాలు. పూర్తిగా తెగితే మూడు నెలలైనా పట్టొచ్చు. ఈ లెక్కకంటే పరీక్షలు ముఖ్యం. దెబ్బతగిలిన కాలొక్కటే మీద నిలబడి కళ్లు మూసుకుని ముప్పై సెకన్లు ఉండగలగాలి. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. కీలు ఎటు ఒరుగుతోందో మెదడుకి చెప్పే నరాల కొసలు లిగమెంటులోనే ఉంటాయి, లిగమెంటుతోపాటు అవీ దెబ్బతింటాయి. అందుకే ఒకసారి తిరిగిన కాలు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. వాటిని మళ్లీ మేల్కొల్పేది ఈ ఒంటికాలి సాధనే. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడమనండి, పైసా ఖర్చు లేదు. తర్వాత ఒంటికాలి మీద మడమ ఎత్తడం, ఇరవైసార్లు, బాగున్న కాలు ఎన్నిసార్లు చేస్తే ఇదీ అన్నిసార్లు. తర్వాత గెంతడం, ముందుకి, పక్కకి. తర్వాత తిన్నగా పరుగు. తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో పరుగు, మొదట పెద్దది, రోజురోజుకీ చిన్నది. తర్వాత బంతితో. తర్వాత జట్టుతో ప్రాక్టీసు. ఆఖరున మ్యాచ్. ఏ మెట్టు దగ్గర నొప్పి వస్తే, మరునాడు వాపు కనబడితే, ఒక మెట్టు వెనక్కి. టేపు వేసుకుని దిగుతాం అంటారు. వేసుకోండి, మంచిదే, కానీ చెమటకీ పరుగుకీ అరగంటలోపే టేపు బిగువు చాలావరకు పోతుంది. సాధన చేసిన కాలికి టేపు తోడు, అంతే.

మన దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పేరు కొత్తతరం వినలేదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టినవాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోవాడు. 1963లో బి.ఎన్.ఆర్. జట్టుకి వెళ్లాడు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే, మన రాయగడ మీదుగా పోయే విజయనగరం–రాయపూర్ లైను వేసిందీ ఆ రైల్వేయే. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానాల్సి వచ్చింది. 2023లో కన్నుమూశాడు. ఆయనది జబ్బు, దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. ఇక్కడ మన కుర్రాళ్ల కాళ్లు పోకుండా ఆపడం మన చేతుల్లో ఉంది, అందుకే ఇంత బాధపడి చెబుతున్నాను.

రెఫరీలు ఎక్కడ కూర్చున్నారు? చెయ్యెత్తండి బాబూ. మీతో ఒక మాట. వెనక నుంచి వచ్చి కాళ్లు కొట్టే ట్యాకిల్‌కి ఒకప్పుడు ఫౌల్ ఇచ్చి ఊరుకునేవారు, మహా అయితే పసుపు కార్డు. వాన్ బాస్టెన్‌లాంటివాళ్లు ఆడినకాలం అదే. 1998లో నిబంధన మార్చారు, ఎదుటివాడి భద్రతకి ముప్పు తెచ్చే వెనక ట్యాకిల్ తీవ్రమైన తప్పు ఆట అని, ఎర్రకార్డు అని రాశారు. ఇప్పుడు పన్నెండో నిబంధనలో ముందునుంచైనా, పక్కనుంచైనా, వెనకనుంచైనా అదే శిక్ష. బంతి తగిలిందా లేదా అని చూడకండి. బంతి తగిలాక కూడా కాలు విరగ్గొట్టొచ్చు. మొదటి ఐదు నిమిషాల్లో కార్డు జేబులోంచి తియ్యండి, మిగతా మ్యాచ్ అందరూ బుద్ధిగా ఆడతారు. ఊరి జట్టని, పెద్దమనిషి కొడుకని వెనకాడకండి. జనం తిడితే మేమున్నాం.

నిర్వాహకులకి. ఒక్కరోజులో ఒక జట్టుకి రెండు పూర్తి మ్యాచ్‌లు పెట్టకండి. అలిసిన కాలే తొందరగా మడతపడుతుంది. తప్పకపోతే సగాలు కుదించండి. బయటికొచ్చిన ఆటగాడు మళ్లీ దిగొచ్చు అనే వెసులుబాటు గ్రామస్థాయి పోటీలకి నిబంధనల్లోనే ఉంది, వాడుకోండి. కాలు అనుమానంగా ఉన్న కుర్రాణ్ణి పదినిమిషాలు బయట కూర్చోబెట్టి చూసే వీలుంటుంది. అది లేకపోతే బయటికి వస్తే మళ్లీ దిగలేనని వాడూ రాడు, మనమూ తియ్యం. ఇంకొకటి, కాలు తిరిగినవాడు ఆడాలా వద్దా అన్నది కెప్టెన్ చెప్పకూడదు, మేనేజరు చెప్పకూడదు, వాడి నాన్న కూడా చెప్పకూడదు. గెలుపోటములతో సంబంధంలేని మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి వద్దంటే వద్దే.

బూట్ల సంగతి. ఈ నెలలో పొద్దున్న మంచుకి గడ్డి తడిగా జారుతుంది, పదకొండు దాటేసరికి నేల రాయవుతుంది. పొడుగు మేకులున్న బూట్లు గట్టి నేలలో దిగవు, వాటి కొసల మీద నిలబడి కాలు ఊగుతుంది, పగుళ్లలో దిగితే మాత్రం ఇరుక్కుంటాయి, ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. పొట్టి రబ్బరు గుబ్బలున్నవి, ఎక్కువ గుబ్బలున్నవి వేసుకోండి. అన్నయ్య బూట్లు తమ్ముడికి ఒక సైజు పెద్దవైనా పర్లేదనుకోకండి, లోపల పాదం జారితే చీలమండే భరించాలి.

చివరగా రేపటి పని. పొద్దున ఆరింటికి గ్రౌండ్ దగ్గరికి ఇరవైమంది కావాలి. పది మంది చొప్పున రెండు వరసలు, మనిషికీ మనిషికీ రెండు అడుగులు, ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా వంగి నడవాలి. వరి దుబ్బులు పారతో వేళ్లతో సహా తవ్వెయ్యాలి, పైపైన కోస్తే కొసలు గుచ్చుకుంటాయి. గుంతలో ఉత్త ఇసక పోస్తే కాలు దిగబడుతుంది, మట్టిలో కొంచెం ఇసక కలిపి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. పడమటి గోల్ ముందు పాత గట్టు ఆనవాలు ఇంకా ఉంది, అక్కడ ఎక్కువమంది ఉండండి. పారలు, దిమ్మిస నేను చెప్పి ఉంచాను. చేపల మార్కెట్ నుంచి పది కిలోల ఐసు, ఒక థర్మోకోల్ పెట్టె, ఆరు క్రేప్ బ్యాండేజీలు, ఒక స్ట్రెచర్ సెంటర్ లైన్ దగ్గర ఉండాలి, డ్రెస్సింగ్ గదిలో కాదు. ఒక బండి డ్రైవరుతో సహా గేటు దగ్గర. వీటి బాధ్యత తీసుకునేవాళ్లు ఇప్పుడే, ఈ సభ ముగియకముందే, వేదిక పక్కన పేర్లు రాయించండి. నమస్కారం.